లోపలి పట్టీ

గోనెసంచి బోర్లించగానే ఇనప టోపీలు, వాటితోపాటు గుడ్డవీ ఉన్నివీ గచ్చు మీద దొర్లాయి. చెమట, తుప్పు, తడిమట్టి కలిసిన వాసన గది నిండా పరుచుకుంది. ఆమె ముక్కు కూడా ముడవలేదు. సైన్యం మరమ్మతుల గదిలో జుట్టు నెరిసేదాకా పీల్చిన గాలే అది. అందరూ టోపీలమ్మ అనేవారు. అసలు పేరు జీతమిచ్చేవాడికైనా గుర్తుందో లేదో.

యుద్ధం ఆమె ఎన్నడూ చూడలేదు. తిరిగొచ్చిన టోపీలే ఇంతో అంతో చెప్పేవి. ఈ మసిపట్టినదాంట్లో ఎవడో నీళ్లు కాచుకున్నాడు. ఈ ఉన్ని టోపీకి చెవుల దగ్గర కత్తిరింపులున్నాయి, కాపలావాడికి చలికన్నా చప్పుడు వినపడకపోవడమే భయం మరి. కవాతులో ముచ్చటగా పక్కకు వాలే టోపీ ఎండలో కళ్లకు నీడైనా ఇవ్వదు. అందరికీ ఇష్టమైంది అంచున్న గుడ్డ టోపీ. తేలిక, చల్లన. తూటాకు మాత్రం అదీ కాగితమూ ఒకటే.

పొద్దు వాలుతుండగా అల్లుడు వచ్చాడు. సెలవు అయిపోయింది. గేటు దగ్గర లారీ నిండుతోంది. ఇనప టోపీ అతని సంచికి చెంబులా వేలాడుతోంది.

"వెళ్లొస్తాను అత్తయ్యా."

"అది సంచికి పెట్టడానికా ఇచ్చారు? అమ్మాయి ఒకటే ఏడుపు, నువ్వు పెట్టుకోవట్లేదని."

"పెనంలా కాలుతుంది. బోర్లా పడుకుంటే కళ్లమీదికి జారుతుంది. గుడ్డదే నయం."

"ఆ నయం నాకూ తెలుసులే. ఇలా ఇయ్యి."

తలకు పెట్టి నొక్కింది. అతను పళ్లు బిగబట్టాడు. ఆమె టోపీ తీసి, కాస్త మొహమాటపడుతూనే జుట్టు పాయ తీసి చూసింది. చెవి వెనక బొటనవేలంత పుండు, సగం మానింది. లోపలి తోలుపట్టీ మేకు సరిగ్గా అక్కడే కొరుకుతోంది.

"ఇన్నాళ్లూ చెప్పవేం నాయనా?"

"పక్కవాడికి కాలు పోయింది. నేను పుండని ఎవరికి చెప్పుకోను?"

ఆమె కత్తెర అందుకుంది. పాత పట్టీ కోసేసి, మెత్తటి కంబళి ముక్క మడిచి, మేకు తగలకుండా చేత్తోనే కుట్టసాగింది. మిషను సూది ఆ లోతుకు అందదు. మణికట్టు సలుపుతున్నా ఆపలేదు. బయట లారీ హారన్ కొట్టింది. రెండోసారీ కొట్టింది. పళ్లతో దారం తెంపి ఇచ్చింది.

అతను పెట్టుకుని తల వంచాడు, విదిలించాడు. జారలేదు.

"బరువే. కానీ కరవట్లేదు."

"బరువు తీయడం నా చేతుల్లో లేదు."

టోపీ తలమీదే ఉంచుకుని పరుగెత్తాడు. ఆమె గుమ్మం దాకా వచ్చింది. లారీలో తలలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది అల్లుడిదో ఆమెకే తెలియలేదు. చెయ్యి ఎత్తబోయి, ఎవరికని ఎత్తాలో తోచక, కొంగుతో మొహం తుడుచుకుంది.

లోపల ఇంకా విప్పని సంచులున్నాయి. నడుం పట్టుకుని కూలబడింది. మిషను బల్లమీద, కోసి పారేసిన తోలుపట్టీ తల ఆకారంలోనే వంగి ఉంది. మేకు దగ్గర ఎండిన నెత్తురులో రెండు నల్లటి వెంట్రుకలు.