అరువు చెవులు

నా మొగుడు దానియేలు మీద నా ఫిర్యాదు అతనికి చెవుడు వచ్చిందని కాదు. చెవుడు పాపమేం కాదు. ఇరవై ఏళ్లు బోరు బండి మీద పనిచేసిన మనిషికి ఆ కంప్రెసర్ మోతకు చెవులు పోక ఏమవుతాయి? తనవి పోయాయని నలుగురికీ తెలియకూడదని నా చెవులు తీసుకుని వాడుకుంటున్నాడే, అదీ నా ఫిర్యాదు. వాడుకున్నవాడు అవి నావని ఒక్కనాడైనా అనలేదు. ఇవాళ పొద్దున పాత బనియన్ గుడ్డతో హాల్లో నిలబెట్టిన స్పీకర్లు తుడుస్తుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. "జర పైలం. గీత పడ్డదంటే నీ తోలు దీస్త," అన్నాడు. నా భుజాల ఎత్తున్నాయి అవి. మా ఇంట్లో నాకన్నా మర్యాద వాటికే.

చెవులతో చేసే చాకిరీని చాకిరీ అని ఎవరూ అనరు. అన్నం వండితే గిన్నె కనబడుతుంది, బట్టలు ఉతికితే దండెం కనబడుతుంది. వినిపెట్టడం ఎవరికి కనబడుతుంది? వాకిట్లో ఎవరు పిలిచినా ముందు నేను లేచి, అతని ఎదురుగా నిలబడి, పెదాలు కదిలించి చెప్పాలి. ఫోన్ వస్తే నేను ఎత్తి, పక్కన కూర్చుని ఒక్కో మాటా అందించాలి. ఆదివారం చర్చిలో అయ్యగారి ప్రసంగం ఇంటికొచ్చాక మళ్లీ నేను చెప్పాలి. ఇంకా విచిత్రం, ఇబ్రహీంపట్నంలో ఏ చర్చిలో మైకు సెట్ కొన్నా దానియేలునే పిలుస్తారు. "దానియేలన్న చెవి అంటే చెవే," అంటారు. అతను కళ్లు మూసుకుని కూర్చుంటాడు, పక్కన నేను, అతని చేతిలో నా చెయ్యి. నా చిటికెన వేలు అరచేతిలో ఒకసారి నొక్కితే మంచిది, రెండుసార్లు నొక్కితే బాగాలేదు. అప్పుడు కళ్లు తెరిచి తీర్పు చెబుతాడు. ఈ వయసులో కూడా పెళ్లాం చెయ్యి ఇడువడని ఆడవాళ్లు మూతులు మూసుకుని నవ్వుతారు. మా అదృష్టం చూసి కుళ్లుకున్నవాళ్లూ ఉన్నారు. "గొంతు ముందటికొచ్చింది" అని అతను అంటుంటాడే, ఆ మాట నాది. ఎప్పుడో రోట్లో కారం దంచుతూ, పాట ఎదురుగా నిలబడి పాడినట్టు వినబడితే అన్నాను. అప్పటినుంచి అది అతని మాట అయిపోయింది.

ఒకసారి నేను మంచిదని నొక్కిన మైకు పండగనాడు అందరి ముందూ కీచుమంది. ఇంటికొచ్చి, తలుపేసి, ఏమీ అనకుండా ఆ చిటికెన వేలును వెనక్కి వంచాడు. మా అత్త ప్రేమమ్మ పసుపు వేడి చేసి కట్టు కట్టింది. "ఆడు మంచోడే పిల్లా, చెయ్యి జారుతది గంతే," అన్నది. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు. చలికాలం పొద్దున గిన్నెలు తోముతుంటే అదే ముందు గుర్తు చేస్తుంది.

ఈ స్పీకర్లు బొంగులూరు దగ్గర ఒక పెద్ద ఇల్లు ఖాళీ చేసి పోయేవాళ్ల దగ్గర చూశాం. విన్నాను. నిజంగా బాగున్నాయి, పాడే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఒకసారి నొక్కాను. వాటి కోసం మా అమ్మ సుసన్న నా పేరున పెట్టిన ఏడు గుంటల పొలంలో ముక్క తెగింది. ఆమె క్వారీలో కంకర కొట్టిన చేతులతో కొన్న పొలం. అడిగితే దానియేలుది ఒకటే మాట. "నువ్వే గద మంచిగున్నయన్నవ్." తీరా ఇంటికి తెచ్చి మా పాత యాంప్లిఫైయరుకు తగిలిస్తే పాటలో ప్రాణం లేదు. ఏనుగును తెచ్చి మేక మేత వేసినట్టయింది. ఎవరో ట్యూబుల యాంప్లిఫైయర్ అయితే వీటికి సరిపోతుందన్నారు. కొత్తది మన వల్ల కాదు, వాడినదే చూడాలన్నారు. అంతే, మిగిలిన మూడు గుంటలకు కూడా కాగితాలు తయారయ్యాయి. కొనేవాడు భిక్షం, మా పక్క పొలమాయన. సోమవారం నేను పోయి సంతకం పెట్టాలి.

ఇవాళ మధ్యాహ్నం తుక్కుగూడ నుంచి దివాకర్ వచ్చాడు. పాతవి కొని, బాగుచేసి అమ్ముతాడు. కారులోంచి రెండు యాంప్లిఫైయర్లు దించాడు. ఒకటి చిన్నది, ఒక్కడే మోసుకొచ్చాడు. రెండోది దానియేలు కూడా పట్టుకుంటే గానీ గడప దాటలేదు. రెండింటి మీదా గాజు గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. చిన్నది చిట్టీ డబ్బుల్లోనే వస్తుంది. పెద్దది కావాలంటే నా మూడు గుంటలు పోవాలి. టీ ఇస్తూ ఏది మంచిదని నేనే అడిగాను. దివాకర్ నన్ను చూడకుండా దానియేలుకే జవాబు చెప్పాడు. ఇవి మొండి స్పీకర్లట, కరెంటు మస్తు గుంజుతాయట, బలం లేనిది పెడితే డప్పు దగ్గర చేతులెత్తేస్తుందట. అయినా తాను చెప్పడు, అన్న చెవే చెప్పాలి. తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, తుడిచేటప్పుడు మాత్రం పైలం. లోపల నాలుగొందల ఓల్టులుంటది. బంద్ జేసినంక గూడ కొడ్తది," అన్నాడు. తుడిచేది నేనేనని అతనికి ఎవరూ చెప్పలేదు.

చిన్నదాంతో మొదలుపెట్టాడు. సోఫాలో దానియేలు, పక్కన నేను, అతని చేతిలో నా చెయ్యి. అత్తమ్మ గడప దగ్గర చాట ముందు పెట్టుకుని ఎల్లిగడ్డలు పొట్టు తీస్తోంది. ఒక ఆడమనిషి గొంతు, వెనక ఒక్క తంబుర. తేనెలా ఉంది. ఒకసారి నొక్కాను. తర్వాత దివాకర్ డప్పుల పాట పెట్టి సౌండు పెంచాడు. అంతే, పాట నలిగిపోయింది. డప్పు దెబ్బలు తడి గోనెసంచి మీద కొట్టినట్టు వినబడ్డాయి, గొంతు గరగరమంది. బాగాలేదు. చిన్న పిల్లకైనా తెలుస్తుంది.

రెండుసార్లు నొక్కాలి. నొక్కితే పొలం పోతుంది. ఒకసారి నొక్కి ఇదే మంచిదంటే పొలం ఉంటుంది, కానీ రేపో మాపో నలుగురు వచ్చి కూర్చున్నప్పుడు ఇది ఇలాగే నలిగిపోతుంది, వాళ్లు ముఖాలు చూసుకుంటారు, వాళ్లు పోయాక తలుపు పడుతుంది. వేలు దానంతట అదే వణుకుతోంది, ఆ వణుకును అతను నొక్కు అనుకుంటాడేమోనని ఇంకా భయం. ఇంత భయం దేనికి? ఎవరి కోసం? నా పొలం అమ్మాలా వద్దా అన్నది నా వేలితోనే చెప్పించి, రేపు నా వేలునే వంచుతాడు. దానియేలు దగ్గాడు. నేను కదలలేదు. అతని గోరు నా అరచేతిలో దిగింది. "పెద్దది పెట్టు," అన్నాడు దివాకర్‌తో.

దివాకర్ తీగలు మార్చి పెద్దదాన్ని ఆన్ చేశాడు. గాజు గొట్టాలు దీపం వత్తుల్లా ఎర్రగా వెలిగాయి. ఫోన్‌లో మళ్లీ ఆ ఆడమనిషి పాటే పెట్టి పక్కన నిలబడ్డాడు. దానియేలు కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు నేను నా చెయ్యి తీసుకున్నాను. మెల్లగా తీసి, ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే అదొక్కటైనా అతనికి వినబడుతుందేమో అనిపించింది.

గదిలో ఏ చప్పుడూ లేదు. ఫ్యాను తిరుగుతోంది. అత్తమ్మ చాటలో ఎల్లిపాయ ఒకటి పడింది. దానియేలు ఖాళీ అరచెయ్యి ఒకసారి మూసి తెరిచాడు. ఇక ఆగితే బాగుండదనుకున్నాడేమో, తల మెల్లగా ఊపాడు.

"ఆహా," అన్నాడు. "గొంతు ముందటికొచ్చింది."

దివాకర్ నన్ను చూశాడు, దానియేలును చూశాడు. "అన్నా," అన్నాడు నెమ్మదిగా, "ట్యూబులు ఇంక కాగలే. పాట వస్తలేదు."

దానియేలుకు అదీ వినబడలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు, తల ఊపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత గొట్టాలు కాగి పాట వచ్చింది. నిజంగానే గొంతు ముందటికొచ్చింది, మనిషి వచ్చి గదిలో కూర్చున్నట్టు. అత్తమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్నకొడుకు సంగతి ఆమెకు ఇవాళే తెలిసింది. అంటే ఇన్నాళ్లూ ఆమెతో కూడా నేనే మాట్లాడానన్నమాట, అతని గొంతుతో.

దానియేలు కళ్లు తెరిచేసరికి అందరి చూపులూ తన మీదే ఉన్నాయి. అతనికి అర్థమైంది. నా వైపు తిరిగాడు.

"చెప్పవేందే?" అన్నాడు.

చుట్టూ మనుషులున్నారని కూడా మరిచిపోయి అన్న మాట అది. అతని ఎదురుగా ముఖం పెట్టి, పెదాలు బాగా కదిలించి చెప్పాను. "వినేది నువ్వు గద. నీకెట్ల వినబడితే గట్ల తీస్కో. సోమారం నేను రాను."

దివాకర్ గబగబా తీగలు ఊడబీకాడు. ఆ గొట్టాలు చల్లారేదాకా కూడా ఆగలేదు, చిన్నదాన్ని కారులో పెట్టొచ్చి, మందపాటి గుడ్డ చుట్టి పెద్దదాన్ని తానొక్కడే ఈడ్చుకుంటూ గడప దాటించాడు. దానియేలు సోఫాలోంచి లేవలేదు. నా వేలునే చూస్తున్నాడు. కారు పోయాక ఈ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే గేటు దాకా పోయాను, అక్కడి నుంచి ఇంకా ముందుకు పోగలనా అని రోడ్డు వైపు చూశాను. అత్తమ్మ నా వెనకే వచ్చి గేటు పట్టుకుని నిలబడింది. లోపలికి రమ్మని అనలేదు.

కారెక్కబోతూ దివాకర్ ఆగాడు. గొంతు తగ్గించి, ఏమీ అనుకోవద్దని, ఆ స్పీకర్లు కొన్ననాడు విన్నది ఎవరని అడిగాడు. నేనే అన్నాను. "మస్తు మంచియి దొరికినయక్కా. ఎంతల వడ్డయి?"

ఇంటి వైపు తిరిగాను. తలుపులో దానియేలు నిలబడి నా పెదాలనే చూస్తున్నాడు. అతనికి తెలిసేలా పెదాలు బాగా కదిలించి చెప్పాను.

"మా అమ్మ పొలం. నాలుగు గుంటలు."