నడుము కొలత

...నొప్పి అబద్ధమైతే ఎంత బాగుండేది, ఆ నటన ఎప్పుడో మానేసి ఉండేది. కానీ నిజం. నాలుగు చెంచాలు దిగగానే కడుపు రాయిలా బిగుసుకుంటుంది, డప్పులా ఉబ్బుతుంది. ఉబ్బు అందరికీ కనపడుతుంది. నొప్పి ఎవరికీ కనపడదు.

డాక్టరమ్మ మాటలు ఆ అమ్మాయికి పొల్లుపోకుండా గుర్తున్నాయి. "నెలల తరబడి తిండి మానేశావు కదా, కడుపూ పేగులూ బద్ధకించాయి. తిన్నది కదలక ఉబ్బుతోంది. అది కొవ్వు కాదు. తింటూ ఉంటేనే తగ్గుతుంది. కొన్నాళ్లు బాధపెడుతుంది, ఓర్చుకోవాలి."

పక్కన కూచుని అమ్మ తలూపింది. ఊపి, ఇంటికొచ్చి, తను టైలరు కదా, టైలరు చేసే పనే చేసింది. ఉబ్బు తగ్గిందో లేదో చూడాలని రోజూ సాయంత్రం టేపు పట్టుకుంది.

చేతులెత్తి నిలబడాలి. టేపు చల్లగా నడుము చుట్టూ పాకుతుంది. అమ్మ పెదవి విరుస్తుంది. మర్నాడు ఆ అమ్మాయి తిండి సగం చెత్తబుట్టకి పోతుంది. ఏ అంకెకి భయపడి తిండి మానేసిందో, ఆ అంకెనే మందులా రోజూ పోస్తున్నారు. ప్రేమగా. అదే ఒళ్లు మండించేది. తిడితే తిరిగి తిట్టవచ్చు. ప్రేమను ఏం చేస్తారు? ఇన్నాళ్లూ ఆ మంటంతా ఎదురుచెప్పలేని కడుపు మీదే తీర్చుకుంది.

ఇవాళ కుట్టుమిషన్ పక్కన గిన్నెలో జావ. సగం అయింది. కడుపు మెలిపెడుతోంది.

"గాలి తిని బతికే పిల్లకి గ్యాస్ కాక బంగారం పుడుతుందా," అంది పిన్ని, జాకెట్టుకి హుక్కులు కుడుతూ.

"నువ్వూరుకోవే. తింటోందిగా," అంది అమ్మ.

"తింటోంది సరే, ఆముదం తాగినట్టు ఆ మొహమేంటక్కా?"

"నొప్పి పిన్నీ."

"నొప్పులు మాకు లేవూ? మిషన్ తొక్కీ తొక్కీ నా మోకాళ్లు కీర్తనలు పాడుతున్నాయి."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అమ్మ మెడలోంచి టేపు తీసింది.

"లే అమ్మలూ, చేతులెత్తు. ఒక్క నిమిషం."

అలవాటుగా భుజాలు లేవబోయాయి. ఇప్పుడు అంకె పెరిగే ఉంటుంది. అది వింటే గిన్నెలో మిగిలిన జావ ఇక దిగదు, రేపటిదీ దిగదు. ఆ సంగతి తనొక్కదానికే తెలుసు. అందరికీ తెలిసి ఉండాల్సిన సంగతి.

"ఎత్తవే, కస్టమరొచ్చే వేళయింది," అంది అమ్మ.

"కొలవకు."

పిన్ని చేతిలో సూది ఆగింది. అమ్మ టేపు చాపి వంగింది.

ఆ అమ్మాయి గిన్నెను రెండు చేతులా పట్టుకుంది. చేతులెత్తలేదు.