ఓడ లేని పాట

"ఓడ ఉన్న పాట ఒక్కటి కూడా వద్దు" అంది జెనీ.

బ్యాండ్ మాస్టర్ సెబీ దిక్కుతోచక నా వైపు చూశాడు. ఎల్లుండే నా కూతురి పెళ్లి. పొద్దుటి నుంచి పొయ్యి మీద దోదోల్ మిఠాయి కలిపీ కలిపీ నా భుజాలు పడిపోయి ఉన్నాయి. ఇక ఈ పాటల పంచాయితీ కూడా నా నెత్తికే చుట్టుకుంది.

"ఓడ వద్దంటే ఇంకేం మిగులుతుంది పిల్లా?" అన్నాడు సెబీ. "మన కొంకణి ప్రేమ పాటల్లో మొగుడు ఓడెక్కుతాడు, పెళ్లాం రేవులో ఏడుస్తుంది. ఆ రెండూ తీసేస్తే నా దగ్గరుండేది చేపలమ్మే మనిషి పాటొక్కటే."

"అయితే అదే వాయించు మామా."

"మొదటి డాన్సుకా? మీ అత్తగారు నా ట్రంపెట్ లాక్కుని నా బుర్ర మీదే వాయిస్తుంది!"

జెనీ నవ్వలేదు. పెళ్లయిన నెలకే పెళ్లికొడుకు మింగెల్ ఓడెక్కుతాడు, అక్కడ వంటవాడు. ఆ సంగతి ఆ ఒక్క సాయంత్రమైనా గుర్తు రాకూడదని దాని కోరిక. నాదీ అదే. నా పెళ్లికి దీపం పాట వాయించారు. "దీపం ఆర్పకు, ఓడ తిరిగొస్తుంది" అని పాడని ఇల్లు మా ఊళ్లో లేదు. అప్పుడు ఓడెక్కి వెళ్లిన మా ఆయన కాయ్తాన్ ముప్పై ఏళ్లపాటు ఏడాదికోసారి చుట్టంలా వచ్చిపోయాడు. రోజూ సాయంత్రం ప్రార్థన అవగానే నేను ఆ క్యాసెట్ పెట్టేదాన్ని. ఆ వేళకి ఓడలో అతనూ అదే వింటుంటాడనుకునేదాన్ని. ఆ ఊహ మీదే బతికేశాను.

కాయ్తాన్ అరుగు మీద ఉల్లిపాయలు వలుస్తున్నాడు. ఓడ ఇంజను మోతకి అతని చెవులు సగం పోయాయి.

"పాయ్!" అని తండ్రి దగ్గరికెళ్లి అరిచింది జెనీ. "ఓడలో మీరు ఏ పాటలు వినేవాళ్లు?"

"హిందీవి, ఇంగ్లీషువి. గంతులేసేవి."

"దీపం పాట?"

"అమ్మో, అదా! ఓసారి కొత్తగా చేరినవాడెవడో పెడితే, మా వంటవాడు ఆ క్యాసెట్ తీసి సముద్రంలో పడేశాడు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అది విన్నాక మర్నాడు పనిలోకి దిగేదెవడు?"

అంటే ఇన్నేళ్లూ ఒక్కదాన్నే విన్నానన్నమాట. ఒళ్లు మండింది. కానీ పోట్లాడే ఓపిక లేదు.

చివరికి సెబీయే దారి చూపించాడు. "ఓడ ఉన్నది మాటల్లోనే కదా. మాటలు తీసేద్దాం. దీపం పాట వరస మటుకు ట్రంపెట్ మీద వాయిస్తాను. అత్తగారికీ మర్యాద దక్కుతుంది."

జెనీ కూడా అలిసిపోయింది. "సరే కానీ" అంది.

పెళ్లి రోజు సాయంత్రం హాలు మధ్యలో జెనీ, మింగెల్ ఇద్దరే నిలబడ్డారు. సెబీ ట్రంపెట్ మీద పాట ఎత్తుకున్నాడు. మొదటి పాదం బాగానే సాగింది. రెండో పాదానికి మా ఆడబిడ్డ సన్నగా గొంతు కలిపింది. ఆమె వెనక మరొకామె. చూస్తుండగానే హాలంతా అందుకుంది. వచ్చినవాళ్లలో సగం మంది ఓడవాళ్ల పెళ్లాలే. వాళ్లకి ఆ వరస వినిపించి ఊరుకోమంటే ఊరుకుంటారా? ఆ ముక్క సెబీకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అతను ట్రంపెట్ దించి, నేనేం చెయ్యను క్వితేరియా అక్కా అన్నట్టు నా వైపు చేతులు చాపాడు.

జెనీ ఏడ్చి పారిపోతుందేమోనని దాని వైపు చూశాను. అది మింగెల్ భుజానికి చెంప ఆనించి తనూ పాడుతోంది. ఒక్క మాట పొల్లుపోవడం లేదు. పోదు మరి, రోజూ ఇంట్లో వినిపించింది నేనే కదా.

రెండో చరణానికి తల్లిదండ్రులు కూడా డాన్సులో కలవాలి. కాయ్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. అన్ని గొంతులు ఒక్కసారిగా పాడుతుంటే అతని చెవులకీ తప్పలేదు. అడుగు ఆగిపోయింది. గుమ్మం వైపు చూశాడు.

"సిగరెట్ తాగొస్తా."

"ఉండు" అన్నాను, కోటు గట్టిగా పట్టుకుని, చెవిలో. "నేను రోజూ విన్నాను. నువ్వు ఒక్కసారి విను."

నా కాళ్లు లాగేస్తున్నాయి. కాయ్తాన్ ఇంకోసారి గుమ్మం వైపు చూశాడు. అయినా పాట అయిపోయేదాకా ఉన్నాడు.