నోరు జారిన మాట

బుధవారం పొద్దున్నుంచీ ఆ కొత్తమ్మాయి ఆఫీసులో కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. సోషల్ వర్కర్ శిక్షణలో ఆమెకది మూడో నెల. పిల్లల హోంలో ఉంటున్న ఏడేళ్ల పాపతో కిందటివారం, "వచ్చేవారం ఆదివారం మీ అమ్మ దగ్గరికి వెళ్తావు" అని నోరు జారింది. తీరా ఈ ఉదయం, తల్లి మళ్లీ ఆసుపత్రిలో చేరిందనీ పాపని ఇప్పట్లో పంపడం కుదరదనీ కబురొచ్చింది.

ఆమెకి పని నేర్పుతున్న పెద్దావిడని ఆఫీసంతా టీచరమ్మ అంటారు.

"పాపకి మీరు చెప్పండి మేడమ్. మీ మాటైతే వింటుంది."

"మాటిచ్చిందెవరు?"

"నేనే."

"అయితే చెప్పాల్సిందీ నువ్వే. పక్కన నేనుంటా. నోరు మాత్రం విప్పను."

బస్సులో కొత్తమ్మాయి నాలుగు రకాలుగా మాటలు కూర్చుకుంది. ఒక్కటీ నాలుక మీద నిలవలేదు.

హోంలో పాప అప్పటికే సంచీ సర్దుకుని మంచం అంచున కూర్చుని ఉంది. ఇంకా నాలుగు రోజులున్నాయని ఆయా ఎంత చెప్పినా వినలేదట.

"ఆదివారం కుదరదు తల్లీ. అమ్మకి ఒంట్లో బాలేదు, ఆసుపత్రిలో ఉంది. ముందే మాటిచ్చేసి తప్పు చేశాను."

పాప ఏడవలేదు. "మరి పై ఆదివారమా?"

అవునన్న మాట నోటి దాకా వచ్చింది. కొత్తమ్మాయి టీచరమ్మ వైపు చూసింది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"తెలీదమ్మా. నిజంగా తెలీదు."

పాప సంచీ బోర్లించేసింది. గౌన్లు, దువ్వెన, ఒంటి చెప్పు నేలంతా చెదిరాయి. "అబద్ధాలకోరు! పో!"

ఏరబోయిన కొత్తమ్మాయిని టీచరమ్మ భుజం పట్టి ఆపింది. ఇద్దరూ గచ్చు మీదే కూర్చున్నారు. చాలాసేపటికి పాప తనే ఒక్కొక్క గౌనూ తీసి, ఉండలు చుట్టి, సంచీలో కుక్కుకుంది. వాళ్లవైపు మాత్రం తిరగలేదు.

మెట్లు దిగుతుంటే టీచరమ్మ అంది: "నీ వయసులో నేనూ ఇలాంటి మాటే ఇచ్చాను. ఆ పిల్లాడికి మొహం చూపించలేక కేసు ఇంకొకరికి అప్పగించేశా. వెళ్లి చెప్పమని తరిమేవాళ్లు నాకు లేకపోయారు."

ఆదివారం కొత్తమ్మాయి ఎవరూ చెప్పకుండానే హోంకి వెళ్లింది. పాప తలుపు ఓరగా తీసింది.

"అమ్మకి తగ్గిందా?"

"జ్వరం తగ్గింది. ఇంకా లేచి నడవట్లేదు."

"నీకెవరు చెప్పారు?"

"పొద్దున్నే వెళ్లి చూసొచ్చాను."

తల్లి కోలుకోవడానికి ఇంకో ఏడు వారాలు పట్టింది. కొత్తమ్మాయి ప్రతివారం వెళ్లింది. నాలుగో వారానికి గానీ పాప ఆమెని లోపలికి రమ్మనలేదు.