అమలమ్మకు దోస గింజలు

మూడో అట్టపెట్టె విప్పగానే అబ్రహాము ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కొత్త వాసనేమీ కాదు. గింజలకు పట్టించే గులాబిరంగు మందు కంపు ముప్పయ్యొక్కేళ్లుగా పీలుస్తున్నదే. గుడ్డ ముక్కకు కాస్త పెయింటు థిన్నరు అద్ది, పసుపు దోస ప్యాకెట్టు వెనక ముద్రించిన తేదీ మీద రుద్దాడు. రెండు రుద్దులకు సంవత్సరం పోయింది, మూడో రుద్దుకు నెల కూడా పోయింది. నోటితో ఊది ఆరబెట్టి రబ్బరు ముద్ర కొట్టాడు. పోయిన వేసంగికే చచ్చిపోయిన గింజలకు మరో ఏడాది ఆయుష్షు వచ్చింది. ప్యాకెట్టు పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నాడు.

కంకిపాడు మెయిన్ రోడ్డు మీద వెంకటప్పయ్యగారి విత్తనాల కొట్లో తెల్లవారేది ఇలాగే. అబ్రహాముకి యాభై తొమ్మిది. బక్కపలచటి మనిషి. కౌంటరు మీదికి వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. గోళ్ల మొదళ్లలో గులాబిరంగు పట్టేసి ఏ సబ్బుకీ వదలదు. అన్నం చేత్తో కలపడం మానేసి ఇరవై ఏళ్లయింది, చెంచాతో తింటాడు. నలుగురిలో చెంచా తీస్తే దొరగారు వచ్చారని నవ్వేవాళ్లు. ఆ చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకోలేకే చెంచా పట్టానని అతను ఎవరికీ చెప్పలేదు.

తొలకరి పడితే పెరటి సేద్యం వాళ్ల రాక మొదలవుతుంది. బెజవాడ అపార్ట్‌మెంట్ల వాళ్లు కార్లలో దిగుతారు, ఫోన్లో వీడియో చూపించి ఇలాంటి కాయే కావాలంటారు. వాళ్లకు దోస సంగతి చెప్పడం అబ్రహాము పని. కుండీలో అయితే పొట్టి కీర వెయ్యండి, పందిరి ఉంటే పొడుగు రకం, పప్పులోకి పసుపుపచ్చ గుండ్రటి దోస, పచ్చడికి చారల దోస. అతను చెప్పేదాంట్లో అబద్ధం ఒక్క ముక్క ఉండదు. అబద్ధమంతా ప్యాకెట్టులోనే ఉంటుంది. మూడు కంపెనీల ప్యాకెట్ల మీదా అదే కాయ, అదే నీటిబొట్టు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా ఉమ్మెయ్యాలనిపించేది. ఉమ్మకుండా కవర్లో పెట్టి ఇచ్చేవాడు.

ఈసారి దోస గింజలు అడిగింది అతని భార్య అమలమ్మ.

పెళ్లయిన ఏడాదే కొట్లో పనికి కుదిరాడు. మొదటి వారం వెంకటప్పయ్యగారు సంతోషంగా ఒక దోస ప్యాకెట్టు చేతిలో పెడితే ఇంటికి తెచ్చాడు. కొత్త కోడలి చేత వేయించింది వాళ్లమ్మ. ఇరవై గింజల్లో ఒక్కటీ మొలవలేదు. దీని చెయ్యి మంచిది కాదురా అంది వాళ్లమ్మ. వీధంతా విన్నది. ఆ ప్యాకెట్టు మీద తేదీ తుడిచింది అబ్రహామే, పనిలో చేరాక నేర్చుకున్న మొదటి విద్య అదే. ఆ మాట అమ్మకి చెప్పలేదు, భార్యకీ చెప్పలేదు. ఆ తర్వాత అమలమ్మ బంటుమిల్లిలో పుట్టింటికి వెళ్లి దోస గింజలు తెచ్చుకుని పెరట్లో వేసింది. తీగ నిండా కాసింది. అది గింజ మంచితనం, దాని చేతి మంచితనం కాదు అంది ముసలామె. పోయేదాకా కోడలిని ఆ దోస తప్ప మరో విత్తనం వేయనివ్వలేదు. పక్కింటివాళ్లు కూడా కొబ్బరి మొక్క నాటించాలంటే అమలమ్మ ఇంట్లో లేనప్పుడు చూసి నాటించుకునేవాళ్లు.

అమలమ్మ ఏమీ అనేది కాదు. ఏటా తీగకు మొదట పండిన కాయను గింజకు వదిలేసేది. చివర కోసి నాలిక మీద పెట్టి, చేదు లేదని తెలిశాకే గింజ తీసేది. బూడిదలో పొర్లించి, పేడలో కలిపి, వంటగది గోడకు బయటివైపు పిడకలా కొట్టేది. కొట్టు ప్యాకెట్టు మళ్లీ ఆ పెరట్లోకి రాలేదు. కిందటేడు వరదకు బెజవాడ సింగ్ నగర్లో వాళ్ల ఇంట్లో ఛాతీ దాకా నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక గోడ ఉంది, పిడక లేదు. పుట్టింట్లో అడిగితే అక్కడ ఇప్పుడు రొయ్యల చెరువులే అన్నారు. ఆ చలికాలంలోనే ఆమె గుండె పెరిగిందని డాక్టరు చెప్పాడు. మంచం దిగొద్దన్నాడు.

అయిదు రోజుల కిందట అతను కాళ్లకు నూనె రాస్తుంటే, "ఈసారి మీ కొట్లోవే తెండి. దోస గింజలు. మీరు చూసి తెండి" అంది.

బజారులో పండిన దోసకాయ కొని గింజ తీయవచ్చు. కానీ ఆ కాయలన్నీ సంకరం గింజల పంట. తీగ వస్తుంది, దానికి కాసే కాయ చేదో తీపో దేవుడికే తెలియాలి. అందుకని ముప్పయ్యొక్కేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు అబ్రహాము. కొట్లో ఉన్న అయిదు రకాల్లోంచీ పదేసి గింజలు తీసి, తడిగుడ్డలో విడివిడిగా మూటలు కట్టాడు. వెచ్చగా ఉంటుందని ఇన్వర్టరు బ్యాటరీ మీద, గోనె కింద పెట్టాడు. ఏ రైతయినా గింజ కొనగానే చేసే పరీక్షే. రైతు చేస్తాడేమోనని భయపడటమే తప్ప అతనెప్పుడూ చేసి చూడలేదు.

నాలుగు రోజులయ్యాక, ఆ రోజు పదకొండు గంటలకు వెంకటప్పయ్యగారు బ్యాంకుకి వెళ్లినప్పుడు మూటలు విప్పాడు. మొదటిదాంట్లో గింజలు బంకలా కరిగి గుడ్డకు అంటుకున్నాయి. చచ్చిన చేప కంపు కొట్టింది. వేలితో విడదీయబోతే జారి గోట్లోకి వెళ్లింది. రెండోది అంతే. మూడోదానికి బూజు. నాలుగోదాంట్లో రెండు గింజలు నోళ్లు తెరిచి, మొలక కొస నల్లబడి ఆగిపోయాయి. అయిదోది పోయిన వారం దిగిన కీర, పదికి పదీ తెల్లగా మొలిచాయి. వాటికేసి చూస్తే మరీ అసహ్యం వేసింది. కీర పప్పులోకి రాదు. సంకరం కీర గింజ దాచుకున్నా మరుసటేడు అదే కాయ కాయదు. మరుసటేడు అనుకోగానే ఆ ఆలోచన అక్కడితో ఆపేశాడు.

పసుపు దోసల్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇంత పెద్ద కొట్లో, సీలింగు దాకా పేర్చిన పెట్టెల్లో, భార్యకు పట్టుకెళ్లడానికి పది గింజలు లేవు. బయటికెళ్లి కాలవ గట్టున వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి, తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి రాజేశ్వరిగారు వచ్చారు. పటమటలో మేడ మీద కుండీల్లో కూరగాయలు వేసే రిటైర్డు టీచరు. మూడేళ్లుగా వస్తున్నారు. పసుపు దోస కావాలన్నారు, చేదు రాని రకం. వెంకటప్పయ్యగారు కుర్చీలోంచే అబ్రహాముకి సైగ చేశారు. అబ్రహాము చెయ్యి పొద్దున ముద్ర కొట్టిన వరస మీదికి దానంతటదే వెళ్లింది.

"పోయినసారి మీరిచ్చినవి ఒక్కటీ మొలవలేదండీ" అన్నారావిడ, తప్పు చేసినట్టు నవ్వుతూ. "మా తోటికోడలు వేసినవన్నీ వస్తాయి. నా చెయ్యే మంచిది కాదేమో."

అబ్రహాము ప్యాకెట్టును కౌంటరు మీద తన వైపే పెట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపి ఉంచారు.

"మీ చెయ్యి మంచిదేనమ్మా" అన్నాడు. "గింజలే చచ్చినవి. తేదీ నేనే తుడిచాను. ఇదీ పొద్దున తుడిచిందే."

రాజేశ్వరిగారు చాపిన చేతిని వెనక్కి తీసుకున్నారు. అతని ముఖం వైపు కాక వేళ్ల వైపు చూశారు, ఆ గులాబి గోళ్ల వైపు. చెంగుతో అరచెయ్యి తుడుచుకున్నారు, ఇంకా ఏమీ అంటుకోకపోయినా. తను ఆ చేతిని ఇన్నాళ్లూ ఎలా చూశాడో ఆవిడా అలాగే చూశారు. అందుకు అబ్రహాముకి ఆవిడ మీద కోపం రాలేదు. ఇంట్లో బాగోలేదు పాపం, మనసు మనసులో లేదు అని వెంకటప్పయ్యగారు నవ్వి సర్దబోయారు. ఆవిడ వినకుండానే మెట్లు దిగిపోయారు.

వెంకటప్పయ్యగారు లేచి ఆ ప్యాకెట్టును మళ్లీ వరసలో సర్దారు. తర్వాత, "ఇహ ఇంటిపట్టునే ఉండు అబ్రహాం. ఆవిణ్ణి చూసుకో" అన్నారు, ఏ కోపమూ లేకుండా. ముప్పయ్యొక్కేళ్ల కొలువు ఆ ఒక్క మాటతో తెగింది. అతను చెంచా కడిగి క్యారేజీలో పెట్టుకుని బస్సెక్కాడు.

ఇంటికి చేరేసరికి అమలమ్మ దిండుకు ఆనుకుని కిటికీ పక్కన కూర్చుని ఉంది. కాళ్లు ఉబ్బి నిగనిగలాడుతున్నాయి. తెచ్చారా అని అడగలేదు, చేతులకేసి చూసింది. అతను మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"తేలేదు. మా కొట్లో లేవు" అన్నాడు.

"ముప్పయ్యేళ్ల కొట్లో దోస గింజ లేదా?"

"ఉన్నవన్నీ చచ్చినవే అమలా. అప్పుడు మనింటికి తెచ్చినవీ అంతే. తేదీ తుడిచింది నేనే. నీ చెయ్యి ఏం తప్పు చేసింది? అమ్మ అలా అంటుంటే ఊరకే నిలబడ్డాను."

అమలమ్మ తల తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. చూసినంత సేపూ అతనికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"నాకు తెలుసు" అంది. "ఆ రోజే ప్యాకెట్టు వాసన చూశాను. థిన్నరు వాసన, మీ చొక్కాదే. మీరే చెప్తారని ఊరుకున్నా. మీరు చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది."

ఆమె గొంతులో కోపం లేదు, క్షమించిన మెత్తదనమూ లేదు. అలసిపోయిన అసహ్యం మాత్రం ఉంది, అది ఎంత పాతదో అబ్రహాముకి అప్పుడు తెలిసింది. అన్నం కలిపి పెట్టబోతే, చెంచాతో పెట్టండి అంది. నాలుగు చెంచాలు తిని చాలంది.

మూడో రోజు మధ్యాహ్నం, అతను మందుల దుకాణం నుంచి వచ్చేసరికి అమలమ్మ అలాగే దిండుకు ఆనుకుని వెళ్లిపోయింది. పక్కింటి స్టెల్లా వచ్చి ఆమె కనురెప్పలు మూసింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. మర్నాడు సమాధి చేసి వచ్చారు.

జనం వెళ్లిపోయాక స్టెల్లా అతన్ని ఇంటి వెనక సందులోకి పిలిచింది. ఆయన గింజలు తెస్తారని, అమలమ్మ తన చేత కుండీలో మట్టి నింపించి తడి చేయించిందని చెప్పింది. అది అతను కొట్లో గింజల మూటలు విప్పిన రోజు. మంచం మీంచే, ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి, మిగిలిన పని అమలమ్మే చేసిందట. కిటికీ ఊచల నుంచి కింద కుండీ అంచు దాకా వరసగా ఆరు పురికొసలు, తీగ పాకడానికి బిగించి కట్టి ఉన్నాయి.