పొద్దుటి బరువు

గంగాభవాని ఆ పిల్లను తిట్టుకోని రోజు లేదు. పళ్ళు తోముకుంటూ తిట్టుకునేది, బస్సు కిటికీ పక్కన కూర్చుని తిట్టుకునేది. తిట్లు లాంగ్‌జంప్‌కి పనికొచ్చే వ్యాయామమే అయితే ఈపాటికి ఇసుకగుంట దాటి అవతల పడేది.

ఆ పిల్ల ఆశాజ్యోతి. ఫిషింగ్ హార్బర్‌లో చేపల పెట్టెలు మోసే అప్పాయమ్మ కూతురు. భవాని వాళ్ళు గోదావరి వైపు నుంచి స్టీల్‌ప్లాంట్ ఉద్యోగానికొచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇద్దరూ ఒకే కోచ్ దగ్గర నేర్చుకున్నారు, ఒకే డబ్బాలో పులిహోర తిన్నారు. కిందటేడు సెలెక్షన్ రోజు పొద్దున్నే ఆశాజ్యోతి ఆమెను హార్బర్‌కి లాక్కెళ్ళింది.

"నాను పోటీల మీట్ రోజు పెట్టెలు మోసే వత్తానే. సాయంత్రానికి కాళ్ళు ఎగిరిపోతాయి. నువ్వూ మొయ్యి."

ఐసు నీళ్ళు వీపు మీద కారుతుంటే నమ్మి మోసింది భవాని. సాయంత్రానికి కాళ్ళు కదల్లేదు. జిల్లా నుంచి రాష్ట్ర జట్టుకి ఒక్కరికే చోటు. ఆ చోటు ఆశాజ్యోతికి దక్కింది.

ఆ తర్వాత కోచ్ దేవీప్రసాద్ ప్రైమింగ్ గురించి చెప్పాడు. "పోటీకి కొన్ని గంటల ముందు కాస్త బరువెత్తి, నాలుగు గెంతులు గెంతి ఆపీండి. ఒంటిని లేపాలంతే, అలపకూడదు. అలిపితే ఆ రోజుకి కాళ్ళు సచ్చినట్టే."

అంటే తెలిసే చేసిందన్నమాట! స్నేహం పేరు చెప్పి గొంతు కోసింది! ఆశాజ్యోతి కూడా ఆ రోజు పెట్టెలు మోసింది కదా అంటే, పగ పట్టిన బుర్ర వినదు. ఖాళీవి మోసుంటుందని భవాని తీర్పిచ్చేసుకుంది. పైకి నవ్వుతూ కడుపులో కత్తులు నూరుకుంటూ ఏడాది గడిపింది. హార్బర్ పని మానెయ్యమని కోచ్ చెప్పాక ఆశాజ్యోతి ఒక్క మీట్‌లోనూ సరిగా గెంతలేకపోయింది. అయినా భవానికి తృప్తి లేదు. దెబ్బ తన చేత్తోనే పడాలి.

ఈసారి సెలెక్షన్ భవానికి ఆఖరిది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. ఆ పొద్దున కోచ్ గ్రౌండ్ పనుల్లో ఉన్నాడు. భవాని జిమ్‌లో తన నాలుగు గెంతులూ లెక్కగా ముగించి, ఆశాజ్యోతి ముందు బరువుల కడ్డీ పెట్టింది.

"నీకు గట్టిగా చేయించమన్నారే సార్," అని కళ్ళార్పకుండా అబద్ధమాడింది.

ఆశాజ్యోతి మారుమాట లేకుండా భుజాల మీదికెత్తుకుంది. భవాని కడ్డీకి ఇంకో ఇనప బిళ్ళ వేసింది, ఇంకోటి వేసింది. "ఇంకొక్కసారి కూర్చుని లెయ్యి. ఇంకొక్కసారి." ఆ పిల్ల చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. భవానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. ఐసు నీళ్ళ బాకీ చెమటతో తీరుతోందనుకుంది.

సాయంత్రం భవాని తన జన్మలో ఎన్నడూ గెంతనంత దూరం గెంతింది. ఇసుక దులుపుకోకుండానే వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్ల పడిపోవడం కళ్ళారా చూడాలి.

ఆశాజ్యోతి పరుగెత్తింది, గెంతే పలక మీద అడుగేసింది, లేచింది. భవాని గుర్తు దాటి, ఇంకా అవతల పడింది. టేపు పట్టుకున్నవాళ్ళకే నమ్మకం కలగక మళ్ళీ కొలిచారు. మిగిలిన గెంతుల్లో భవాని ఎంత పళ్ళు బిగించినా అంత దూరం పోలేకపోయింది.

ఇసుక ఒంటితోనే వచ్చి వాటేసుకుంది ఆశాజ్యోతి.

"హార్బర్ మానీసినకాడినించీ మీట్ రోజు నా కాళ్ళు నిద్దరోతన్నాయే. సిన్నప్పట్నించీ మోసిన ఒళ్ళు, బరువెయ్యకపోతే లెగదు. సార్‌కి సెప్తే నవ్వుతాడని ఊరుకున్నాను. సార్ అంత బరువు సెప్పడు, అది నీ పనేనని అప్పుడే తెలిసిపోనాది. నీకెలాగ తెలిసిందే?"

భవాని తల వంచుకుని ఒంటి ఇసుక దులుపుకోసాగింది.

"కిందటేడు నీకూ పన్సేత్తాదనే మోయించాను. నీ కాళ్ళు పాడైపోనాయి. ఆ రేతిరి నాను అన్నం తిన్లేదు. నువ్వు నన్ను తిట్టుంటావనుకున్నాను, నువ్వేమో నాకోసం ఇంత సేసినావు."

భవాని ఏడ్చింది. ఓడినందుకేమో అనుకుని ఆశాజ్యోతి తన చొక్కా అంచుతో ఆమె కళ్ళు తుడిచింది. ఆ చేతిని విదిలించడానికి కూడా భవానికి మొహం చెల్లలేదు. పగ ఇంకా కడుపులో భగభగమంటూనే ఉంది. తీర్చుకుందామంటే తను తప్ప ఇంకెవరూ మిగల్లేదు.