నడుమకు ఒక గడి ఇవతల

ఏప్రిల్ నెలలో ఒక గురువారం నా పేరు దేశమంతా అచ్చయింది. మా ఊళ్ళో మాత్రం ఒక్కరికీ తెలీదు, ఎందుకంటే నేనే చెప్పలేదు.

పేపర్లో గళ్ళనుడికట్టు పైన, కూర్చినవాళ్ళ పేరు చిన్న అక్షరాల్లో వేస్తారు. ఆ రోజు అక్కడ "ఇ. సార్వెలా" అని ఉంది. ఇంగ్లీషు 'ఇ' అంటే ఎల్వీ, సార్వెలా మా పుట్టింటి పేరు. ఈ కాఫీ హోటల్లో ఇరవై ఏడేళ్ళుగా నేను ఉత్త ఎల్వీని. కప్పు ఖాళీ అయితే ఎల్వీ, ఆపిల్ పై అనే తీపి రొట్టె ముక్క కావాలంటే ఎల్వీ. మొగుడి ఇంటిపేరే ఎవరికీ గుర్తుండదు, ఇంక పుట్టింటి పేరు ఎవడడిగాడు?

ఆరేళ్ళలో ముప్పై నాలుగు పజిళ్ళు పంపాను. ముప్పై నాలుగూ తిరిగొచ్చాయి. ముప్పై అయిదోది వాళ్ళు తీసుకున్నారు. ఉత్తరం వచ్చిన రోజు నేను గిన్నెలు కడిగే గదిలోకి వెళ్ళి, నీళ్ళు గట్టిగా తిప్పి, ఆ చప్పుడులో అరిచాను. అంత గర్వం నాకు పిల్లలు పుట్టినప్పుడు కూడా కలగలేదు. వాళ్ళు నా పక్కన ఉన్నప్పుడు ఈ మాట అననులెండి.

మరి ఎందుకు దాచానంటే, మా హోటల్లో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది. రోజూ ఏడింటికి అక్కడ ముగ్గురు చేరతారు. హార్లన్ ట్వైట్ ఆధారాలు పైకి చదువుతాడు, పెన్నుతో నింపుతాడు. పెన్సిల్ పట్టుకున్నవాడిని వాడు మనిషిగా లెక్కపెట్టడు. రిటైరయిన నర్సు ఓపల్, చేపలు పొగబెట్టి అమ్మే క్లెమ్ జవాబులు అరుస్తుంటారు. ఫోన్లు తీయకూడదు. అన్నీ నిండాక ఎవరో ఒకరు లేచి, ఆ రోజు పజిల్ దేని చుట్టూ అల్లారో, పొడుగు జవాబులన్నిటినీ ఏది కలుపుతుందో హోటలంతటికీ వివరించాలి. వివరించినవాళ్ళు పై ముక్కల అద్దాల పెట్టె మీదున్న ఇత్తడి గంట కొడతారు. తొమ్మిదింటికల్లా ఎవరూ వివరించలేకపోతే, ఆ కాగితం గుమ్మం దగ్గర తడిబూట్ల కింద పరుస్తారు. దాన్ని పరిచేది నేనే. ఇరవై ఏడేళ్ళలో ఎన్ని పజిళ్ళు పరిచానో! వాటిని కూర్చినవాళ్ళ పేర్ల మీద మంచు కరిగి బురదయ్యేది.

నా పజిల్ ఆ బల్ల మీద గెలవాలి, లేదా బూట్ల కిందికి పోవాలి. నేను నోరు విప్పితే ఆ గెలుపు గెలుపే కాదు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. హార్లన్ ముప్పై ఒక్క ఏళ్ళు మా కాలవ మీద ఎత్తుడు వంతెన నడిపాడు. సరస్సు మీంచి ఇనప రాయి మోసే ఓడ వస్తే నడిమి భాగం మొత్తం పైకి లేస్తుంది, ఓడ కిందనుంచి పోతుంది, రోడ్డు మీద కార్లు ఆగి తిట్టుకుంటాయి. ఆ నడిమి భాగం మీదే నడిపేవాడి గది. పన్నెండేళ్ళ కిందట రిటైరయిన రోజు కేకు కోసి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపారు. అప్పట్నుంచి వాడు కిటికీ పక్కనే కూర్చుంటాడు గానీ వంతెన వైపు వీపు పెట్టి కూర్చుంటాడు.

నా ఇల్లు కాలవకి అవతల. నేను తెల్లారకముందే నడిచి పనికొచ్చేదాన్ని. వంతెన నడుమకి చేరగానే పైన గది చూరుకున్న దీపం ఒక్కసారి ఆరి వెలిగేది. నేను చెయ్యి ఊపేదాన్ని. అంతే. ఏళ్ళ తరబడి అదే పలకరింపు. మా అమ్మ చనిపోయిన వారం కూడా ఆ దీపం ఆరి వెలిగింది. ఇంట్లో ఏడవలేక వచ్చినదాన్ని, అక్కడ నిలబడి ఏడ్చాను. హార్లన్‌కి ఆ కింద నడిచేది ఎవరో తెలుసో తెలీదో, నేను ఎప్పుడూ అడగలేదు.

అందుకని నా పజిల్లో వంతెన పెట్టాను. నడిమి వరసలో పదిహేను ఇంగ్లీషు అక్షరాల జవాబు, వంతెన మొదట్లో బోర్డు మీద ఉండే మాటే: ఓడ దాటేదాకా ఆగండి. మొదటి అయిదు అక్షరాలు ఆ వరసలోనే. తర్వాత అయిదు నల్ల గళ్ళు, అంటే ఓడకి దారి. నడిమి అయిదు అక్షరాలు రెండు వరసలు పైకి లేచి ఉంటాయి. చివరి అయిదు మళ్ళీ కిందే. ఆ రెండు ముక్కలకీ ఆధారం బదులు ఉత్త గీతే పెట్టాను. లేచిన భాగం పైన, నడుమకు ఒక గడి ఇవతల, ఒంటరిగా ఒక నల్ల గడి. గళ్ళనుడికట్టులో ఎడమ సగానికీ కుడి సగానికీ పొంతన ఉండాలని నియమం. ఆ ఒక్క గడి ఆ నియమాన్ని పాడుచేస్తుంది. తీసెయ్యమని సంపాదకుడు రెండుసార్లు రాశాడు. అది పోతే పజిల్ కూడా వెనక్కి పంపెయ్యండి అని నేను రెండుసార్లు రాశాను.

ఆ పొద్దున ఫోన్లో చూశాను. రోజూ పజిళ్ళు విప్పి వివరించే మహానుభావులు ఉన్నారు కదా, అందులో పేరున్నాయన వంతెనని పట్టుకుని బాగా మెచ్చుకున్నాడు. కింద మాత్రం, "పైన ఒక నల్ల గడి అనవసరం, కొత్తవాళ్ళ చేతగానితనం" అని రాశాడు. కప్పు గోడకేసి కొడదామనుకున్నాను. నా కప్పే కదా అని ఆగాను.

ఏడింటికి హార్లన్ పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఇ. సార్వెలా. ఎవడ్రా వీడు?"

"కొత్తోడు. గురువారం కిటుకు పజిల్ కొత్తోడి చేతికిచ్చారు, ఇంక మన గతి చూసుకో," అన్నాడు క్లెమ్.

వాడు, వీడు! కాఫీ పోస్తూ క్లెమ్ కప్పు అంచు దాకా నింపాను. ఎత్తితే వొలకాలి.

పైన నాలుగు పొడుగు జవాబులూ చకచకా తేలిపోయాయి. దీపస్తంభం, పొగమంచు బూర, ఇనప రాయి, లాగుడు పడవ. అన్నీ రేవు సరుకే. ఓపల్ మురిసిపోయింది. "ఎవడోగానీ మన వైపోడే."

"రేవులు లోకంలో మన వైపే ఉన్నాయా?" అన్నాడు హార్లన్. "అడ్డం ముప్పై ఏడు. 'కార్లకి చెప్పే మాట.' ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఓడ దాటేదాకా ఆగండి." పెన్ను గాల్లో ఆగింది. "అయిదే గళ్ళున్నాయి."

"గురువారం కదా, ఒక్కో గడిలో మూడేసి అక్షరాలు కుక్కు. అయిదు మూళ్ళు పదిహేను, సరిగ్గా సరిపోయింది," అంది ఓపల్.

ఆ లెక్క అలా కుదురుతుందని నాకు తట్టనే లేదు. గురువారం పజిళ్ళలో ఒకే గడిలో రెండు మూడు అక్షరాలు ఇరికించడం మామూలే. ఏళ్ళ తరబడి పజిళ్ళు నింపినవాళ్ళే ఇలాంటి పొరపాటు చేస్తారు. హార్లన్ పెన్నుతో కుక్కేశాడు, చీమల్లాంటి అక్షరాలు, సిరాతో.

ఇక అక్కణ్నుంచి ఏదీ కలవలేదు. నిలువు జవాబులు ఒకదాన్నొకటి కాదన్నాయి. ఎనిమిదిన్నరకి హార్లన్ మొహం బీట్‌రూట్ రంగుకి వచ్చింది.

"ఈ సార్వెలాకి లెక్కలు రావు. పైన ఒక ఆధారం దగ్గర ఉత్త గీత పెట్టాడు. కింద ఇంకో గీత. అచ్చు తప్పేమో అది కూడా. ఇదిగో, ఈ నల్ల గడి చూడు. ఎడం వైపుంది, కుడి వైపు దానికి జోడీ లేదు. నిద్రమత్తులో పెట్టి ఉంటాడు."

"పేపరు ఇటు తే, బూట్లకి వేద్దాం," అన్నాడు క్లెమ్.

"తొమ్మిది అవలేదు," అన్నాను నేను. గొంతు కాస్త పెద్దదయింది.

"నీకెందుకే అంత కోపం?" అన్నాడు క్లెమ్.

"నియమం నియమమే."

క్లెమ్ బల్ల కింద ఫోన్ తీశాడు. జవాబు చూసేద్దామని. నేను కాఫీ పాత్ర కింద పెట్టి, ఆ ఫోన్ లాక్కుని, పై ముక్కల పెట్టెలో ఆపిల్ పై పక్కన పెట్టి అద్దం మూసేశాను. హోటలంతా నవ్వింది.

"ఎల్వీ, నా ఫోన్‌కి మీగడ అంటుకుంటుంది!"

"నాకి తుడుచుకో."

ఎనిమిది ముప్పావుకి సరస్సు మీంచి ఓడ బూర మోగింది. ఒక పొడుగు, రెండు పొట్టి. వంతెన బదులు పలికింది. గోడలు సన్నగా వణికాయి. అవి వంతెన మోటార్లు.

హార్లన్ వెనక్కి తిరగడు, ఎప్పుడూ తిరగడు. చెవితోనే చూస్తాడు. "నిదానంగా లేపుతున్నాడు. కొత్త కుర్రాడు భయస్థుడు," అని గొణిగాడు. వాడి చూపుడువేలు కాగితం నడుమ నల్ల గళ్ళ మీద ఉంది. మోటార్ల రొదతో పాటు ఆ వేలు పైకి జరగసాగింది, వాడికి తెలియకుండానే. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. మోటార్లు ఆగాయి. వేలు కూడా ఆగింది, రెండు వరసల పైన, ఉత్త గీత ఆధారం ఉన్న అయిదు ఖాళీ గళ్ళ మీద.

వాడు వేలి వంక చూశాడు.

"ఓరి దొంగ సన్నాసీ," అన్నాడు హార్లన్ చాలా మెల్లగా. ఆ తిట్టు నాకే. అంత తియ్యని తిట్టు నేను ఎన్నడూ తినలేదు.

"ఏమైంది?" అంది ఓపల్.

"నడిమి ముక్క ఇక్కడ లేదు. పైకి లేచింది. కుక్కిన అక్షరాలన్నీ కొట్టెయ్." వాడే కొట్టేశాడు, కాగితం చిరిగేలా. అయిదు అక్షరాలు కింద, అయిదు పైన, అయిదు మళ్ళీ కింద. నిలువు జవాబులన్నీ చప్పున కుదిరిపోయాయి. క్లెమ్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

హార్లన్ లేచి నిలబడ్డాడు. పేపరు అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. "వినండి. ఇది మన వంతెన. ఇదిగో ఇటు రోడ్డు, ఇదిగో అటు రోడ్డు. మధ్యలో నల్లగా ఓడకి దారి. మాట కూడా రోడ్డే, రోడ్డు తెగితే మాటా తెగింది. ముక్క వంకర లేకుండా సమంగా లేచింది చూడండి. అలా లేపడానికి రెండు వైపుల బరువూ సరిగ్గా తూగాలి. ఈ కూర్చినవాడు వంతెనని చూడ్డమే కాదు, దాని కింద నిలబడి చూశాడు."

పన్నెండేళ్ళుగా వాడి వివరణలు వింటున్నాను. అంత బాగా వాడు ఏదీ వివరించలేదు.

"ఇంకేం, గంట కొట్టు. తొమ్మిదికి అయిదు నిమిషాలుంది," అన్నాడు క్లెమ్.

"ఆగు. ఒక గడి మిగిలింది."

"అది తప్పని నువ్వే అన్నావుగా."

"ఇంత చేసినవాడు అక్కడ తప్పు చెయ్యడు. మిగిలిందానికి లెక్క చెప్పకుండా నేను గంట ముట్టను."

ఓపల్ గడియారం చూసింది. హార్లన్ కాగితం చూశాడు. తర్వాత, రిటైరయ్యాక మొదటిసారి, కిటికీ వైపు తిరిగాడు. వంతెన ఇంకా పైనే ఉంది. ఓడ పొడుగ్గా, నింపాదిగా దాటుతోంది. లేచిన భాగం మీద, సరిగ్గా నడుమ కాదు, కొంచెం ఇవతలగా, చిన్న గది.

ఆ గదిని అలా పైకెత్తినప్పుడు వాడు ఎన్నడూ బయటనుంచి చూసి ఉండడు. ఎప్పుడూ లోపలే ఉన్నాడు.

"అది గది," అన్నాడు. "నా గది."

వాడు మళ్ళీ పేపరు పైకెత్తి, పైనున్న చిన్న అక్షరాలు చదివాడు. "సార్వెలా. అవతలి గట్టున వలలు కట్టే తోయివో సార్వెలా ఉండేవాడు. వాడికో కూతురు..." ఆ మాట పూర్తి కాలేదు. నా వైపు తిరిగాడు.

క్లెమ్ నోరు తెరిచాడు. ఓపల్ చేత్తో ఆ నోరు మూసింది.

"అమ్మాయ్," అన్నాడు హార్లన్. "నల్లగా ఎందుకు పెట్టావ్? ఒక అక్షరం పెట్టుకోవచ్చుగా అక్కడ."

నేను ముప్పై అయిదు పజిళ్ళు కూర్చినదాన్ని, మాటలు నాకు కొరత కాదు. అయినా ఉన్నమాటే చెప్పాను. "కింద నడిచేవాళ్ళకి ఆ అద్దాలు నల్లగానే కనిపిస్తాయి, హార్లన్. లోపల మనిషి కనిపించడు. ఉన్నాడని నాకు తెలుసు."

తొమ్మిదికి రెండు నిమిషాలుంది. హార్లన్ గంట వైపు వెళ్ళలేదు. గుమ్మం పక్కకి వెళ్ళాడు, తడిబూట్లు దాటుకుని. అక్కడ గోడకి దీపాల స్విచ్చి ఉంది. దాన్ని ఒక్కసారి నొక్కాడు. హోటలంతా ఆరిపోయింది. మళ్ళీ నొక్కాడు. వెలిగింది.

"ఇదేంటి, కరెంటు పోయిందా?" అన్నాడు క్లెమ్.

నేను చెయ్యి ఎత్తి ఊపాను.

అప్పుడు హార్లన్ వచ్చి గంట కొట్టాడు. ఆ పొద్దున తడిబూట్ల కిందికి ఆటల పేజీ వేశాను.